మామ కారు మీద తెల్లగీత

నా పెళ్లికి వారం ముందు నేను ఒక కారు ప్రాణం తీశాను. కత్తితో కాదు, గరుకు కాగితంతో. ఇంతటి పని చేసినవాడు చదువు రానివాడేమో అనుకునేరు, డిగ్రీ పాసయ్యాను.

అవి డెబ్బైల చివరి రోజులు. మా కాశిబుగ్గ వీధిలో కారున్నది మా మేనమామ ఒక్కడికే. నల్లటి అంబాసిడర్. ఆయన నోట్లో తమలపాకు ఎప్పుడూ నలుగుతూనే ఉండేది. పెళ్లికి కారులో దిగుతానని పరకాలలో ఆడపిల్లవాళ్లకు నేను అప్పటికే కోతలు కోసి ఉన్నాను. మామ ఒక మెలిక పెట్టాడు.

"శుభలేఖలు పంచనీకి పాలంపేట దాక తీస్కపో అల్లుడా. ఒక్క గీత పడకుంట తెస్తే పెండ్లికి కారు నీదే. గీత పడ్డదా, ఆ ముచ్చటే మర్చిపో!"

వెనక తలుపు మీద చెయ్యి వేసి, ఆకు నములుతూ చెప్పాడు.

ఎంత జాగ్రత్తగా నడిపానంటే, ఎడ్లబండ్లు నన్ను దాటిపోయాయి. తీరా ఇంటికొచ్చి చూస్తే వెనక తలుపు మీద జానెడు తెల్లగీత! దారిలో ఏదో తుమ్మకొమ్మ గీసిందని తేల్చేశాను. పక్కింటికి పరుగెత్తాను.

పక్కింటి సాంబయ్య బీరువాలకు రంగులు వేసేవాడు.

"సాంబన్నా, కారుకు గీత పడ్డదే! నా పెండ్లి నీ చేతుల ఉన్నది!"

"గింత దానికి ఫికర్ ఎందుకు తమ్మీ? గరుకు కాగితంతోని జర రుద్దు," అన్నాడు అరుగు మీద నుంచి లేవకుండానే.

రుద్దాను. గీత పోయింది. దాని వెంట నలుపూ పోయింది. అరచెయ్యంత ఇనుము బయటపడింది.

"అన్నా, రంగు పోయిందే!"

"గీత పోయిందా, లేదా?"

"పోయింది."

"మరింకేంది?"

ఇక నా సొంత తెలివి వాడాను. నల్ల బూటు పాలిష్ డబ్బా మొత్తం పూసి, పెళ్లికి కొన్న కొత్త తువ్వాలతో మెరుగు పెట్టాను.

మామ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "శెబాష్ అల్లుడా! ఒక్క గీత లేదు. కారు నీదే పో!"

నాకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. ఆ సంబరంలో మామ ఇంకో ఆకు తీసి, సున్నం రాసి, వేలికి మిగిలిన సున్నాన్ని అలవాటుగా వెనక తలుపుకు తుడిచాడు.

తెల్లగా వెళ్లిన వేలు నల్లగా తిరిగొచ్చింది.

మామ వేలును చూశాడు, తలుపును చూశాడు, చివరికి నన్ను చూశాడు. "రోజు గీడనే తుడుస్త గదరా! పొద్దుగాల తడిగుడ్డ పెడితే పోతది. గిదేందిరా?"

గోటితో పోయేదానికి గొడ్డలి అన్నారు పెద్దలు. ఆ గీతకు గోరు కూడా అక్కర్లేదు, తడిగుడ్డ చాలు.

"మామా, మరి పెండ్లికి..."

"ఎర్రబస్సుల పో. దానికి ఎన్ని గీతలున్నా ఎవ్వడడగడు."

పరకాలలో ఎర్రబస్సే దిగాను, పెళ్లిబట్టలతో, టికెట్టు చేతబట్టుకుని. ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఎవరి కారు మీద ఏ మచ్చ కనబడినా, ముందు తడిగుడ్డ పెట్టనిదే గరుకు కాగితం ముట్టను. ఇన్నేళ్లలో ఒక్కసారీ మాట తప్పలేదు. నాకు మళ్లీ ఎవరూ కారు ఇవ్వలేదు.