మామయ్య చదివిన మొదటి బోర్డు

మా మామయ్య బోర్డులు రాస్తాడు, చదవడు. ముప్పై ఏళ్లుగా బ్రష్షు పట్టినవాడికి అక్షరమంటే వంపులూ గీతలే తప్ప అర్థంతో పని లేదు. ఒకసారి ఇంటి ఓనరు అడిగితే ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని ముచ్చటగా రాసిచ్చి, అది తానుంటున్న ఇల్లేనని వారం తర్వాత తెలుసుకున్న మహానుభావుడు. ఆయనకున్న పట్టుదల ఒక్కటే. తన బోర్డు తానే బిగించాలి, బిగించాక రోడ్డు అవతల నిలబడి కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.

అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయాలని డాక్టరు చెప్పారు. నా జీతమూ మామయ్య సంపాదనా కలిపినా రెండుసార్లకే సరిపోయేది. అమ్మ కాళ్లు వాచిపోయేవి, పడుకుంటే ఊపిరాడేది కాదు. అయినా “నాకేం, గుండ్రాయిలా ఉన్నా” అని బుకాయించేది. నాకు ఏడుపొచ్చేది, ఆవిడ మీద కోపమూ వచ్చేది.

ఒక ఆదివారం మామయ్య మా వరండాలో రేకు పరిచి రాస్తున్నాడు. అమ్మ కాళ్లు స్టూలు మీద పెట్టుకుని, కాలక్షేపానికి చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“ఒరేయ్, ఇది ఎవరి బోర్డు?”

“మన ఆసుపత్రిదే అక్కా. ధరలు బయట పెట్టాలని గవర్నమెంటు ఆర్డరు వేసిందట.”

“డయాలసిస్‌కి ఇంతకు మించి తీసుకోకూడదని రాశావు. మనం కట్టేది దీనికి రెట్టింపు కదరా!”

మామయ్య బ్రష్షు డబ్బాలో పడింది. ఇదే ధరల పట్టీ అంతకుముందు ఇంకో రెండు ఆసుపత్రులకు రాసిచ్చాడట. “నా చేత్తోనే రాసి, నా చేత్తోనే రెట్టింపు కట్టానక్కా,” అని తల బాదుకున్నాడు.

మర్నాడు అమ్మ డయాలసిస్ రోజు. ముగ్గురం బోర్డుతో సహా వెళ్లాం. మేనేజరు తలెత్తకుండానే, “స్టోరు గదిలో పెట్టు. తనిఖీకి వస్తే తీస్తాం,” అన్నాడు.

“నా బోర్డు నేనే బిగిస్తానండీ,” అని మామయ్య నిచ్చెనెక్కి, గుమ్మం నెత్తిన నాలుగు స్క్రూలు బిగించాడు. రోడ్డు దాటి అవతల నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి తను రాసింది తానే గొంతెత్తి చదివాడు. ఆఖర్న ఎర్రరంగులో వేసిన ఫిర్యాదు నంబరునైతే రెండుసార్లు చదివాడు. గుమ్మం బయటిదాకా ఉన్న క్యూ అంతా మెడలు తిప్పి చూసింది.

మేనేజరు పరుగున వచ్చాడు. “గవర్నమెంటే ధరలు నిర్ణయిస్తే ఆసుపత్రులు మూసుకోవాలయ్యా! మిషన్లు ఎంతో తెలుసా నీకు?”

న్యాయంగా చెప్పాలంటే మిషన్లు ఖరీదే. దానికి అమ్మే జవాబు చెప్పింది. “మొదటి వరుస చూడు నాయనా. ఆసుపత్రులతో మాట్లాడి ఖాయం చేసిన ధరలని ఉంది. మీ మిషన్లూ మీ లాభమూ అందులోనే ఉన్నాయిగా?”

అప్పటికే క్యూలో ముగ్గురు ఫోన్లు చెవికి ఆనించారు. మేనేజరు ఫోన్లను చూశాడు, బోర్డును చూశాడు. క్యాషియరు వైపు తిరిగి, “బోర్డు ప్రకారమే తీసుకో,” అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఈల వేశాను. ఆడపిల్లవి ఈలేమిటే అని అమ్మ కసిరింది గానీ, నవ్వు దాచుకోలేకపోయింది.

వైద్యం ధరల్లో ప్రభుత్వానికేం పని అని ఎవరైనా అంటే ఇప్పుడు నేను వాదన పెట్టుకోను. అమ్మ కాళ్లు చూపిస్తాను. ఆ వారం నుంచీ మూడుసార్లూ తప్పలేదు. నెల తిరక్కుండా వాపు తగ్గి, అటక మీద పడేసిన పాత చెప్పులు మళ్లీ పట్టాయి. అవి వేసుకుని ఒక రోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆసుపత్రి ముందు రోడ్డు దాటి, మామయ్య పక్కన నిలబడి వెనక్కి తిరిగి బోర్డు వైపు చూసింది.

“బాగా కనబడుతోందిరా,” అంది.