పొరపాటుగారి పోస్టరు

మా లైబ్రరీలో ఆయన రాసి గోడకి అంటించిన కాగితం ఏదైనా సరే, అందులో ఒక తప్పు ఉండేది. రెండు ఉండవు, అసలు లేకపోవడమూ ఉండదు. కచ్చితంగా ఒకటి. అందుకే సిబ్బంది అందరం ఆయన్ని చాటుగా పొరపాటుగారు అనేవాళ్లం. చాటుగా అని మేం అనుకునేవాళ్లం, అంతే. ఒకరోజు ఫోనెత్తి ఆయనే, "ఆఁ, పొరపాటుగారినే మాట్లాడుతున్నా, చెప్పండి" అనడం నా చెవులతో విన్నాను.

తప్పు రాయడం పెద్ద వింత కాదు. ఎవరైనా వచ్చి తప్పు పట్టుకుంటే ఆయన మొహం వెలిగిపోయేది, అదీ వింత. మనమైతే సిగ్గుపడతాం, లేదా ప్రింటరు మీదికి నెడతాం. ఆయన మాత్రం ఇంటికి చుట్టాలొచ్చినట్టు లేచి నిలబడి, "అలాగాండీ! కూర్చోండి, చెప్పండి" అంటూ కుర్చీ లాగేవారు. ఆయన బల్ల ముందు ఎప్పుడూ రెండు ఖాళీ కుర్చీలుండేవి. మిగతావాళ్ల బల్లల ముందు ఒక్కటి ఉండటమే గగనం.

నేను కేటలాగు విభాగంలో పనిచేసేదాన్ని. ప్రతి పుస్తకానికీ సరైన పేరు, సరైన నంబరు, సరైన చోటు ఉండేట్టు చూడటం నా ఉద్యోగం. అలాంటి నన్ను ఆయన పక్కగదిలో వేయడమంటే, శుభ్రం పిచ్చి ఉన్న మనిషిని మట్టిబొమ్మలు చేసేవాడి పక్కింట్లో అద్దెకి దింపడమే.

ఒకసారి పిల్లల గదిలో గ్లోబు తలకిందులుగా బిగించారు. పది నిమిషాల్లో పిల్లలంతా ఆయన బల్ల చుట్టూ మూగారు. "తాతగారూ, భూమి తిరగబడింది!" "అలాగా! ఎటుండాలో చూపించండి మరి." సాయంత్రందాకా వాళ్లు ఆయనకి భూగోళం చెబుతూనే ఉన్నారు. ఆయన బుద్ధిగా రాసుకుంటూనే ఉన్నారు. మర్నాడు పొద్దున వచ్చి చూద్దును కదా, భూమి మళ్లీ తిరగబడి ఉంది.

మా బైండరు పదవీ విరమణ చేసిన రోజు సంగతి ఇంకా బాగుంటుంది. ఆ బైండరు ఉద్యోగంలో చేరినప్పటినుంచీ మాట్లాడిన మాట ఒక్కటే: "జిగురు ఆరలేదు." వీడ్కోలు సభకి బ్యానరు రాసే పని పొరపాటుగారిది. 'ముప్పై ఏళ్ల సేవకు అభినందనలు' అని ఈ గోడనుంచి ఆ గోడదాకా కట్టారు. డైరెక్టరుగారు ఉపన్యాసానికి కాగితాలు సర్దుకుంటుంటే బైండరు లేచాడు.

"ముప్పై కాదు సార్. ముప్పైనాలుగు."

"అలాగాండీ!" వెనక వరసలోంచి పొరపాటుగారి గొంతు. "చెప్పండి, చెప్పండి."

"మొదటి నాలుగేళ్లూ పాత భవనంలో చేశాను సార్. వానొస్తే పుస్తకాలకి గొడుగు పట్టేవాణ్ణి..."

నలభై నిమిషాలు మాట్లాడాడు. ఆ మనిషికి ఇన్ని మాటలొచ్చని వాళ్లావిడకే తెలియనట్టుంది, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. డైరెక్టరుగారి ఉపన్యాసానికి టైం మిగల్లేదు. ఆ విషయంలో అందరం సంతోషించాం.

ఆ మర్నాడే డైరెక్టరుగారు నన్ను పిలిచారు. "ఇకనుంచి ఆయన రాసింది మీరు చూడందే గోడెక్కకూడదు. లైబ్రరీ పరువు మీ చేతుల్లో ఉంది."

నేను చూసేదాన్ని. అయినా ఒకటి తప్పించుకునేది.

ఇలా ఉండగా, ఊళ్లో మూతపడిన ఒక ఫోటో స్టూడియోనుంచి రెండు వేల పాత ఫోటోలు మాకు పెట్టెల్లో వచ్చాయి. ఒక్కదాని వెనకా పేరు లేదు. అన్నిటినీ స్కాన్ చేసి, కంప్యూటర్లో భద్రపరచి, అందులో ఉన్నదెవరో కనుక్కుని పేర్లు చేర్చాలని రెండేళ్ల గడువుతో డిజిటల్ ప్రాజెక్టు పెట్టారు. మెట్ల కింద చిన్న గది, ఒక స్కానరు ఇచ్చారు. హాల్లో పెద్ద తెర మీద రోజుకొక ఫోటో వేసి, కింద 'వీరెవరో తెలిసినవారు దయచేసి తెలపండి' అని నేనే రాశాను. ఆరు నెలల్లో మూడు జవాబులొచ్చాయి. ఒకటి 'తెలియదు'. రెండోది 'మాకూ తెలియదు'. మూడోది, మేడమీద కుళాయి కారుతోందని ఫిర్యాదు.

ఏడో నెలలో ఆ తెరని పొరపాటుగారికి అప్పగించారు. మొదటిరోజే పదకొండుమంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు బంతితో సహా నిలబడ్డ ఫోటో వేసి, కింద 'పురపాలక బ్యాండు మేళం' అని రాశారు. మధ్యాహ్నానికి ఒక పెద్దాయన ఊగిపోతూ వచ్చాడు.

"ఎవడయ్యా ఇది రాసింది? బ్యాండు మేళమా? ఆ గోల్‌కీపరు మా మేనమామ!"

"అలాగాండీ! కూర్చోండి, చెప్పండి."

ఆయన తొమ్మిదిమంది పేర్లు చెప్పాడు. మిగతా ఇద్దరికోసం మర్నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

తప్పు చేసినా కలిసొచ్చే జాతకం కొందరికుంటుంది, ఈయనదీ అదే కాబోలనుకున్నాను. అయినా నా చెయ్యి ఊరుకునేది కాదు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు తెర మీది రాతలు దిద్దేసేదాన్ని. ఆయన వచ్చి చూసి, "ఎందుకమ్మాయ్ శ్రమ?" అని, ఇంకో తప్పు రాసేవారు. నలభై రెండేళ్ల నన్ను అమ్మాయ్ అనేది లోకంలో ఆయనొక్కరే.

రెండేళ్లలో ఏడు వందల ఫోటోలకి పేర్లు దొరికాయి. ఇంకా పదమూడు వందలు ఉండగా గడువు అయిపోయింది. ఆ గదిలో పాత పత్రికలు పెట్టుకుంటామన్నారు డైరెక్టరుగారు. ఒక్కటే దారి మిగిలింది. ఏటా జరిగే లైబ్రేరియన్ల సదస్సులో పోస్టర్ల ప్రదర్శన ఉంటుంది. ఒక్కో లైబ్రరీ తను చేసిన డిజిటల్ ప్రాజెక్టు గురించి ఒక పోస్టరు పెట్టి, దాని పక్కన నిలబడి, అడిగినవాళ్లకి వివరించాలి. కమిటీ మెచ్చితే ప్రాజెక్టుకి ఇంకో రెండేళ్లిస్తారు. మెచ్చకపోతే మెట్ల కింద గదికి తాళం. మళ్లీ ఎప్పుడో చూసుకోవచ్చులే అనడానికి వీల్లేదు. ఆ ఫోటోల్లో మనుషుల్ని గుర్తుపట్టగలిగినవాళ్లంతా డెబ్బై దాటినవాళ్లు. ఆ ఏడాదే మాకు పేర్లు చెప్పేవాళ్లలో ముగ్గురు పోయారు.

"పోస్టరు నేను చేస్తాను. మీరు ముట్టుకోవద్దు" అన్నాను.

"అలాగే అమ్మాయ్."

"అక్కడ మాట్లాడేది మాత్రం మీరే. నేను వెనక నిలబడతాను." కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు మహా బెదురు. బస్సు ఆపమని కండక్టరుతో అనడానికి జంకి, ఎవరో దిగుతుంటే వాళ్లతోపాటే రెండు స్టాపులు ముందే దిగిపోయి నడిచిన రోజులున్నాయి.

"దానికేం, అలాగే" అన్నారు. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పోస్టరు ఏడుసార్లు సరిచూశాను. నడిమధ్యన మా ఫోటోలన్నిట్లోకీ మంచిది పెద్దదిగా పెట్టాను: రెండు వరసల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడపిల్లలు. పదిహేడుమంది పేర్లూ తెలిసిన ఫోటో అది.

సదస్సు హాల్లో అరవై పోస్టర్లు. ఒక లైబ్రరీవాళ్లు పుస్తకం ఎక్కడుందో చెప్పే యాప్ చేశారు. దాని ముందు ముగ్గురు నిలబడి టీ ఎక్కడిస్తున్నారని అడుగుతున్నారు. ఇంకొకళ్ల పోస్టరు చుట్టూ రంగురంగుల దీపాలు వెలిగి ఆరుతున్నాయి. దాని దగ్గర ఎలక్ట్రీషియను తప్ప ఎవరూ లేరు. మా బోర్డు దగ్గరికి వెళ్లి చూసి కొయ్యబారిపోయాను. నా పెద్ద ఫోటో కింద ఒక కాగితం ముక్క అంటించి ఉంది: 'టైపు నేర్చుకుంటున్న యువతులు'.

గోటితో గీకాను. రాలేదు. బైండింగు జిగురు. ఇంకాస్త లాగితే ఫోటో కూడా ఊడొచ్చేట్టుంది.

"ఏం పని చేశారండీ ఇది!"

"పొరపాటైపోయినట్టుంది. నేను టీ తాగొస్తాను. ఎవరైనా రుజువులడిగితే సంచీలో నోటుబుక్కుంది" అని ఆయన వెళ్లిపోయారు. రెండు మడతకుర్చీలు మాత్రం బోర్డు ముందు వేసి మరీ వెళ్లారు.

అరలో పుస్తకం వంకరగా ఉంటే లైబ్రరీ ఉద్యోగికి అన్నం సయించదు. అలాంటివాళ్లు రెండువందలమంది ఆ హాల్లో తిరుగుతున్నారు. కళ్లజోడాయన ఒకడు మా పోస్టరు దాటి వెళ్లి, ఆగి, వెనక్కొచ్చాడు.

"ఏమండీ, ఇవి టైపు మిషన్లేనా?"

"కాదండీ."

"మరి అలా రాశారే?"

"నేను రాయలేదండీ."

"పోస్టరు మీదేగా?"

"పోస్టరు నాదేనండీ. తప్పు మాత్రం నాది కాదు." ఆయన కదలడే! తప్పుని అలా వదిలేసి ఊరుకోవడం నావల్ల కూడా కాలేదు. "అవి కుట్టుమిషన్లు. కాలితో తొక్కేవి. పదిహేడుమంది పేర్లూ మా దగ్గరున్నాయి. ఎడమనుంచి రెండో ఆవిడ తరవాత నర్సయ్యారు. ఆ చివర నవ్వాపుకుంటున్న పిల్ల ఉంది చూడండి, ఇన్ని పేర్లూ చెప్పింది ఆవిడే. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు."

"ఆవిణ్ణి ఎలా పట్టుకున్నారు?" అంటూ ఆయన కుర్చీలో కూర్చున్నాడు. చెప్పాల్సొచ్చింది. చెబుతుండగా ఇంకొకావిడ వచ్చి, "ఇవి కుట్టుమిషన్లు కదూ?" అంది. ఆవిడకీ మొదట్నుంచీ చెప్పాను. తరవాత నలుగురు ఒకేసారి వచ్చారు. పొరపాటుగారి జాడ లేదు. మధ్యలో ఎవరో నాకు మంచినీళ్ల సీసా ఇచ్చారు. తాగి, మళ్లీ మొదలుపెట్టాను.

చివరికి కమిటీ అధ్యక్షురాలు వచ్చారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరని పేరు. ఫోటో చూశారు, కింద రాసింది చూశారు, నన్ను చూశారు.

"ఫోటో కింద రాసిన ముక్కే తప్పు. ఇలాంటివాళ్లకి ఇంకో రెండేళ్లు ఇమ్మంటారా?"

"ఇమ్మంటానండీ." ఆ మాట అన్నదెవరా అని పక్కకి చూశాను. పక్కన ఎవరూ లేరు.

"ఏ ధైర్యంతో?"

"మా రికార్డుల్లో ఒక్క తప్పు లేదండీ. తప్పులన్నీ గోడల మీదే."

ఆ మాట అన్నాకగాని నాకే తట్టలేదు. ఇన్నేళ్లలో ఆయన నాకు పంపిన ఒక్క నంబరు తప్పలేదు, ఒక్క పేరు తప్పలేదు. గోడ మీద మాత్రమే తప్పేవారు.

"రుజువేమిటి?"

సంచీలోంచి నోటుబుక్కు తీసిచ్చాను. నేనెప్పుడూ దాన్ని తెరిచి చూడలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని తెరిచారు, నేను వంగి చూశాను. పేజీకి నాలుగు గడులు: ఫోటో నంబరు, నాకు తెలిసింది, నేను రాసింది, ఎవరికోసం.

ఆవిడ పైకి చదివారు. "తెలిసింది: ఫుట్‌బాల్ జట్టు. రాసింది: బ్యాండు మేళం. ఎవరికోసం: పేపరు తిరగేసి పట్టుకు కూర్చునే పెద్దాయన. చదవడు, ఊరికే వస్తాడు. ఆటల పేజీ వస్తే మాత్రం సరిగ్గా పట్టుకుంటాడు." పేజీ తిప్పారు. "తెలిసింది: కుట్టు క్లాసు. రాసింది: టైపు క్లాసు. ఎవరికోసం: కిటికీ దగ్గరి ఆవిడ. ఎనిమిది నెలలుగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు కుట్టుపని వేలితొడుగు తీయకుండానే వచ్చింది. అడిగితే చెప్పదు. తప్పు రాస్తే ఊరుకోదు."

ఆవిడ పేజీ తరవాత పేజీ తిప్పుతూ పోయారు. ఆఖరి పేజీ దగ్గర ఆగి, పుస్తకం నావైపు తిప్పారు. ఆరోజు తేదీ. 'తెలిసింది: కుట్టు క్లాసు. రాసింది: టైపు క్లాసు, పోస్టరు మీద. ఎవరికోసం: మా కేటలాగు అమ్మాయి. ఈ ప్రాజెక్టు గురించి నాకంటే తనకే ఎక్కువ తెలుసు, నోరు విప్పదు. నేను పక్కనుంటే అసలు విప్పదు. జిగురు గట్టిది వాడాలి.'

"ఈ అమ్మాయి మీరేనా?"

"నేనేనండీ."

"ఎంతసేపట్నుంచి మాట్లాడుతున్నారు?"

గడియారం చూసుకున్నాను. "రెండుంపావు గంటలనుంచండీ."

అప్పుడు నవ్వారావిడ. చుట్టుపక్కల బోర్డులవాళ్లు తొంగిచూశారు. "ఇంకా ఎన్ని ఫోటోలున్నాయి?" "పదమూడు వందలండీ." ఆవిడ చేతిలో కాగితం మీద ఏదో రాసుకుని, లేవబోతూ మళ్లీ కూర్చున్నారు. "మా అమ్మకీ ఇలాంటి మిషనే ఉండేది. దాని చక్రం అటువైపు ఉండేది..." అని మొదలుపెట్టారు. నేను రెండో కుర్చీలో కూర్చున్నాను.

సాయంత్రం జాబితా అంటించారు. మాకు రెండేళ్లిచ్చారు. తిరుగు ప్రయాణంలో బస్సెక్కగానే, ఆయన్ని గట్టిగా నాలుగు దులపాలనే మొదలుపెట్టాను. అసలు ఆ కళ్లజోడాయన వచ్చి నిలబడ్డప్పుడు నా ప్రాణం ఎలా ఉందో తెలుసా మీకు, అన్నాను. తరవాత రెండోవాళ్లు ఏమడిగారో చెప్పాను, మూడోవాళ్లు ఏమన్నారో చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ ఉన్నారు. మొత్తం నలభై ముగ్గురొచ్చారు మరి. పన్నెండో మనిషి దగ్గరికొచ్చేసరికి పొరపాటుగారు కిటికీకి తల ఆనించి గుర్రుపెట్టి నిద్రపోయారు.

నేను ఆగాను. ముందు సీట్లో ఎవరో ముక్కూమొహం తెలియని ఆయన వెనక్కి తిరిగాడు.

"పదమూడోవాడు ఏమన్నాడండీ?"

చెప్పాను.