గురువారం జ్వరం

మా పైవాటా లెక్కల మాస్టారు ప్రతి గురువారం జబ్బుపడేవాడు. బుధవారం సాయంత్రం గుండ్రాయిలా మెట్లెక్కిన మనిషి, గురువారం తెల్లవారేసరికి మంచం పట్టేవాడు. శుక్రవారం మళ్ళీ గుండ్రాయే. ఇప్పుడు అక్కడ మావాళ్ళెవరూ లేరు గనక ధైర్యంగా రాస్తున్నాను.

మా అబ్బాయి పోయాక, "పరాయిదేశంలో లెక్చరర్ ఉద్యోగం, జీతం వింటే కళ్ళు తిరుగుతాయి" అని ఒక ఏజెంటు చెబితే, మా కోడలు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. మొదటి జీతం చేతికొచ్చాక నిజంగానే తిరిగాయి.

బయటినుంచి వచ్చిన పంతుళ్ళు ఆ యూనివర్సిటీలో రెండు రకాలు. నెలజీతం వాళ్ళకు జబ్బు చేస్తే సెలవు. గంటలెక్క వాళ్ళకు జబ్బు చేస్తే పస్తు. మాస్టారిది మొదటి రకం, మా కోడలిది రెండోది. అదీ చాలనట్టు, వారానికి పన్నెండు గంటలు పాఠం చెప్పని గంటలెక్క వాళ్ళకు దేశంలో ఉండే అనుమతి రద్దు. మా కోడలికి ఇచ్చినవి పది. మొరపెట్టుకుంటే డీన్‌గారు, "లెక్కలవాళ్ళు ఎవరైనా సెలవు పెడితే వాళ్ళ క్లాసులు చెప్పుకో" అన్నాడట.

కింది వాటా ఫిజిక్స్ అమ్మాయికి ఒక్క గంట తక్కువైంది. పదిహేను రోజుల్లో వెళ్ళిపొమ్మన్నారు. వెళ్తూ వెళ్తూ బియ్యం డబ్బా మా గుమ్మంలో పెట్టి పోయింది. మూత తీస్తే ఒక పూటకు సరిపడా ఉన్నాయి. ఆ బియ్యం వండడానికి నాకు చేతులు రాలేదు.

మాస్టారు జబ్బుపడితే ఆయన గురువారం క్లాసులు రెండూ మా కోడలివి. పదీ రెండూ పన్నెండు. సోమరితనం ఆయనది, అదృష్టం మాది అనుకున్నాను. అయినా మన కడుపు నిండుతోందని ఎదుటివాడి తప్పును ఒప్పనడం నా ఒంటికి పడదు. వారంవారం కషాయం కాచి, గిన్నె పట్టుకుని పైకెక్కేదాన్ని.

"ఏం నాయనా, ఇవాళేం వచ్చింది?"

"కామెర్లండీ పిన్నిగారూ."

"పోయిన వారం?"

"గవదబిళ్ళలు."

"పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఈ రోగాలన్నీ ఎవరికి కూడబెడుతున్నావు?"

మాస్టారు నవ్వి, కషాయం గటగటా తాగి, ఖాళీ గిన్నె కడిగి మరీ ఇచ్చేవాడు. కామెర్లవాడు గిన్నె తోమడం నేనెక్కడా చూడలేదు.

ఆయన దగ్గర అట్టలూడిన పాత వైద్యం పుస్తకం ఒకటుండేది. ఏ వారం ఏ పేజీ వస్తే ఆ రోగం. ఒకసారి చూసుకోకుండా రెండు పేజీలు కలిపి తిప్పాడట. చిన్నపిల్లల రోగాలొచ్చాయి. సెలవు చీటీలో పాలపళ్ళు వస్తున్నాయని రాసి పంపాడు.

"యాభై ఎనిమిదేళ్ళకా!" అన్నాను.

"తొందరలో రాసేశానండీ."

"డీన్ ఏమన్నాడు?"

"చదవకుండానే సంతకం పెట్టాడండీ. ఆయన దయ."

నేను కిందికొచ్చి, "ఆ మాయరోగం ఎలా కుదర్చాలో నాకు తెలుసు" అంటే మా కోడలు హడలిపోయేది. "మీకు దణ్ణం పెడతాను అత్తయ్యా, ఆయన్ని బాగుచెయ్యకండి!"

మూడేళ్ళు అలా నడిచాక ఆఫీసులో ఎవడికో తీరిక దొరికి గురువారాలు లెక్కపెట్టాడు. ఒక బుధవారం సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చాడు. నేను వంటింట్లో బియ్యంలో రాళ్ళేరుతుంటే, ముందుగదిలో ఆయన మా కోడలితో అంటున్నవి వినబడ్డాయి.

"రేపు డాక్టర్ని నా ఇంటికి పంపుతున్నారమ్మా. మూడేళ్ళుగా నాకు జీతం పెంచలేదు, పోనీ. రేపు దొరికితే నీ రెండు గంటలూ పోతాయి. దొరక్కుండా క్లాసుకెళ్ళినా పోతాయి."

"ఎన్నాళ్ళని పడుకుంటారు మాస్టారూ? మా కోసం మూడేళ్ళు రోగిష్టి అనిపించుకున్నారు. ఇంక మేమూ పెట్టె సర్దుకుంటాం."

"పిన్నిగారికి తెలుసా?"

"అమ్మో! ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు."

నువ్వుగింజ సంగతి తర్వాత తేల్చుకుందామనుకున్నాను. చేట ఒళ్ళో అలాగే ఉండిపోయింది. మూడేళ్ళుగా నేను తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ, అదే వచ్చిన చిక్కు.

నేను చదివింది మూడో తరగతి. అందులోనూ వెళ్ళిన రోజులకన్నా ఎగ్గొట్టినవే ఎక్కువ. ఆ విద్యలో నన్ను మించిన పండితుడు ఆ యూనివర్సిటీలో లేడు. మర్నాడు కోడలు గడప దాటగానే రెండు ఉల్లిపాయలు కొంగున కట్టుకుని పైకెళ్ళాను. రోగి తల దువ్వుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"ఏం రోగం రాశావు?"

"మలేరియా అండీ."

"వణుకేదీ?"

"వణకాలాండీ?"

"ఎమ్మే చదివావు, వణకడం రాదూ! చొక్కా విప్పు. ఈ ఉల్లిపాయలు చెరో చంకలో పెట్టు. వేడినీళ్ళు పుక్కిట పట్టు. మెట్లమీద అడుగులు వినగానే మింగెయ్."

"పిన్నిగారూ, మీకెలా..."

"రోగివి, రోగిలా ఉండు!"

డాక్టరు, గుమస్తా కలిసి వచ్చారు. డాక్టరు థర్మామీటరు నోట్లో పెట్టి తీసి, చూసి, విదిలించి, మళ్ళీ చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ దేశపు మాటలు నాకొచ్చినవి నాలుగే: ఎంత, వద్దు, అన్యాయం, ఆస్పత్రి. డాక్టరు గుమస్తాతో "ఆస్పత్రి" అన్నాడు. నేను "వద్దు" అన్నాను. వినలేదు. "అన్యాయం!" అంటూ గుమ్మానికి అడ్డంగా కూర్చుని శోకాలు మొదలెట్టాను. ఇక మిగిలింది ఒక్కటే మాట. గుమస్తా మొహంలోకి చూసి, "ఎంత?" అన్నాను. లంచం ఇవ్వబోతున్నాననుకున్నాడో ఏమో, నన్ను దాటుకుని పారిపోయాడు. తోడు పోయాక డాక్టరు కూడా ఎక్కువసేపు నిలవలేదు. వారానికోసారి తిరగబెట్టే జ్వరమనీ, గురువారాలు విశ్రాంతి ఇవ్వాలనీ రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం కోడలు పరుగున వచ్చింది. "అత్తయ్యా, పైకి డాక్టరు వచ్చాడా?"

"నాకేం తెలుసు తల్లీ? నా నోట్లో నువ్వుగింజ నానదుగా, నాకెవరూ ఏమీ చెప్పరు" అన్నాను.

ఆ ఏడాది చివర మా కోడలికి నెలజీతం ఉద్యోగమిచ్చారు. మాస్టారిని మాత్రం రోగిష్టివాళ్ళు మాకొద్దని పంపించేశారు. అంతకాలంలో ఆయన నిజంగా తుమ్మగా నేను వినలేదు. వెళ్ళే రోజున వైద్యం పుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఇంకా సగం మిగిలింది పిన్నిగారూ" అన్నాడు.

మాస్టారి వాటాలోకి కొత్తగా లెక్కల కుర్రది దిగింది. గంటలెక్క మనిషి. చేతిలో పది గంటలు.

ఆ గురువారమే మా కోడలికి నడుం పట్టేసింది. ఉల్లిపాయలు నేను సిద్ధంగానే ఉంచాను.