అత్త అడగని ఇల్లు

కృష్ణగిరిలో ఉండే మా మేనత్తది అనుమానపు చూపు. మామిడి అంటు కొనేముందు తల్లిచెట్టును చూసినట్టు, కొడుకులకు సంబంధం చూడబోతే ముందు పిల్ల తల్లినే పట్టుకునేది.

"మీ అమ్మ యేం జబ్బుతో పోయిందమ్మా?"

రొమ్ము క్యాన్సరని తెలిస్తే కాఫీ ముట్టకుండా లేచేది. మామ కూడా మాట్లాడకుండా వెనకే లేచేవాడు.

చివరకు ఆ జబ్బు అత్త కూతురికే వచ్చింది. "కొన్ని ఇండ్లలో జీన్స్‌లో ఉండే మార్పు వల్ల దీని ముప్పు ఎక్కువమ్మా. అది తండ్రి వైపు నుంచి కూడా దిగొచ్చు" అంది హోసూరు డాక్టరమ్మ.

"మొగోళ్ల నుంచి యాడ వస్తాదమ్మా?" అని అత్త కొట్టిపారేసింది. కాసేపటికి ఆ పాత చూపే మామ మీదికి తిరిగింది.

"మీ అమ్మ యేం జబ్బుతో పోయింది?"

అత్త కాపురానికి రాకముందే పోయిన మనిషి ఆమె.

మామ తల ఎత్తలేదు. "ఇదే జబ్బు. మీవాళ్లు అడగలేదు గదా."