సంతకం వచ్చిన మనిషి

డెబ్బైల నాటి మాట. శాలిబండలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు చదువు చెప్పేదాన్ని. గది, పలకలు ఒక సేవాసంఘానివి. నా జీతం వకీళ్ళ సంఘం ఇచ్చేది. అక్షరంతో లోకాన్నే తిరగేస్తాననుకునే వయసు నాది.

లాడ్ బజార్ దుకాణాలకు గాజుల మీద రాళ్ళు అతికించే ఒకామె వచ్చేది. భర్త పోయాడు. మొదటిరోజే తేల్చి చెప్పింది: "టీచరమ్మా, నాకు పాటలు గీటలు వద్దు. నా పెనిమిటి ఇడిసిపోయిన రెండు అర్రల ఇంటి మీద మా మరిది కన్నేసిండు. ఆడు కాయితం తెస్తే అండ్ల ఏమున్నదో నేనే సదువాలె. గంతే."

వేళ్ళకు లక్క అంటుకుని బలపం జారిపోయేది. అయినా మొండిది, అచ్చులు, హల్లులు దాటి గుణింతాల్లోకి వచ్చింది.

అంతలో వకీళ్ళ సంఘం కార్యదర్శి దిగాడు. వార్షికోత్సవంలో ఆడవాళ్ళంతా వేదికెక్కి, ముఖ్య అతిథి ముందు సంతకాలు చేయాలట! "గుణింతాలు తర్వాత చూద్దాం మేడం, ముందు సంతకం కానివ్వండి" అన్నాడు. నేను వాదనకు దిగితే సేవాసంఘం పెద్దమ్మ నా చెయ్యి నొక్కింది. "ఊకో బిడ్డా, వాళ్ళు పైసలు బంద్ జేస్తే బడే ఉండదు." ఒళ్ళు మండింది. ఏం లాభం? పుస్తకాలు మూయించి పేర్లు దిద్దించాను.

సభ బ్రహ్మాండంగా జరిగింది. దండలు, చప్పట్లు, ఫోటోలు. ఆ వెంటనే వకీళ్ళు కంటి వైద్య శిబిరాల మీద పడ్డారు, బడి మూతపడింది. పెళ్ళి సందట్లో పుస్తె కట్టడం మరిచారు మహానుభావులు.

కొన్నాళ్ళకు ఆమె చార్మినార్ దగ్గర ఎదురైంది. చిక్కిపోయింది. చెల్లెలింట్లో ఉంటున్నానంది.

"ఇల్లు నా పేరు మీదికి మారుస్తనని మరిది రిజిస్ట్రీ ఆఫీసుకు తోల్కపోయిండు. నా ముందు ఒక ముసలామె ఏలిముద్ర ఏసింది. ఆమెకు కాయితమంత సదివి ఇనిపిచ్చిండ్రు. నాకు గూడ సదువుండ్రి సారూ అన్న. 'మా వదినకు సదువొచ్చు సార్, స్టేజి మీద సంతకం జేసింది' అన్నడు మరిది. నిజం జెప్తున్న టీచరమ్మా, గా మాటకు నేను మస్తు పొంగిపోయిన. సంతకం జేసిన. ఆడు అర్రలు రెండూ తన పేర రాయించుకున్నడు."

వకీలు దగ్గరికి పోదాం పదమన్నాను.

"పోయిన. మన బడికొచ్చిన గా కార్యదర్శి సాబ్ దగ్గరికే పోయిన. కాయితం చూసిండు. 'సంతకం నీదేనా అమ్మా?' అన్నడు. నాదే అన్న. 'ఇగ ఎవ్వరేం జెయ్యలేరమ్మా' అన్నడు."