భారతం కరపత్రంలో కంప్యూటర్ అర్జీ

కంప్యూటర్ చెప్పిన క్షమాపణను నమ్మి ఒక ఊరి మహాభారతాన్ని దాదాపు ఆపేసిన మనిషిని నేను. కౌరవులు నూరుమందీ కలిసి చేయలేని పనిని ఒక్కణ్ణే, కుర్చీలోంచి లేవకుండా చేశాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేనైతే ఆ సంగతి గుర్తొస్తే ముందు లెంపలేసుకుని, ఆ తర్వాతే నవ్వుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో చిత్తూరులో, కోర్టు పక్క సందులో నాకొక డీటీపీ అంగడి ఉండేది. అందులో ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, మూలిగే టేబుల్ ఫ్యాను, ఆ ఫ్యాను ముందు మా నాయన. నాయన జీవితమంతా కలెక్టరాఫీసు గోడ పక్కన కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టాడు. ఆయన అర్జీ చదివితే బండరాయి కూడా కన్నీరు పెట్టి, ఆ తడితోనే సీలు వేస్తుందని పేరు. ఎండకు తాళలేక నా అంగడికి మకాం మార్చాడే గానీ, అర్జీ మాత్రం ఆయన ఒంట్లోంచి దిగలేదు.

ఒకరోజు దొరసామన్న వచ్చాడు. పక్క పల్లెలో ద్రౌపదమ్మ గుడి ధర్మకర్త. మా వైపు ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుపుతారు. హరికథ, నాటకం, కడపటి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో ఇంటివాళ్లది. వాళ్లను ఉభయదారులంటారు. వాళ్ల పేర్లతో వేసే కరపత్రం కోసమే ఆయన వచ్చింది.

"సామీ, మా ఊర్లో భారతం నిలిచిపోయి ఏండ్లయింది. ఎందుకో తెలుసునా?"

"వానల్లేకనా అన్నా?"

"వానా లేదు, వంకాయా లేదు. కరపత్రంలో ఒగరి పేరు పైన పడింది, ఇంగొగరి పేరు కింద పడింది. అంతే! ఈ తూరి ఇంటింటికీ పోయి గడ్డాలు పట్టుకోని ఒప్పించినాను. కడపటి రోజు ఉభయం మంగమ్మవ్వది. సచ్చిపోయిన మొగుని పేరు పెద్దచ్చరాల్లో, గళ్లో ఏసి ఉండాలంటాది. ఆ పేరు లేకుంటే అవ్వ రాదు. అవ్వ రాకుంటే కట్టెల బండ్లు రావు. కట్టెలు లేకుంటే అగ్నిగుండం యాడిది? నా మర్యాద యాడిది?"

"భయపడొద్దన్నా. కంప్యూటర్లో ఎక్కిందంటే బ్రహ్మరాతే" అన్నాను.

బ్రహ్మ తాను రాసింది మరుసటి క్షణం మూసేయడు. నా కంప్యూటర్ మూసేసింది. మంగమ్మవ్వ భర్త పేరు చుట్టూ పూల అంచు పెడుతున్నానో లేదో, తెర బిగుసుకుపోయి ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమైంది. ఆ రోజుల్లో విండోస్ వాడినవాళ్లకు అది చుట్టం లాంటిది. ఈ ప్రోగ్రాముకు సమస్య వచ్చింది, మూసేయక తప్పదు, అసౌకర్యానికి చింతిస్తున్నాం, దీని గురించి మాకు తెలియజేయండి. కింద రెండు బటన్లు. ఒకటి పంపమంటుంది, ఇంకొకటి పంపవద్దంటుంది.

నాకు ఈ కంప్యూటర్ అమ్మిన భాస్కర్ తిరుపతిలో ఉంటాడు. ఫోన్ చేశాను.

"పంపొద్దు అనేది నొక్కి నీ పని సూసుకోప్పా."

"పాపం, అంత మర్యాదగా అడుగుతా ఉండారు కదా భాస్కరా!"

"అది మిషను. మర్యాదంట మర్యాద! పెట్టేయ్ ఫోను."

తెలివైనవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను పెట్టెలో ఉన్నదంతా తెలుగు చేసి నాయనకు వినిపించాను. ఆయన కళ్లు వెలిగాయి.

"రేయ్ చెంగా! ఇది అర్జీ కదరా!"

"అవునా నాయనా?"

"కష్టం చెప్పుకోమంటా ఉండారు, పైకి పంపమంటా ఉండారు. ఇంగేంది? పంపు!"

డయలప్ కనెక్షన్ కీచుమని, గీపెట్టి, ఊపిరి పీల్చుకుంది. పంపాను. ధన్యవాదాలు అని వచ్చింది.

"కాయితం తీసుకున్నారు" అన్నాడు నాయన, కాలు మీద కాలేసుకుని. "అయితే ఒగ అర్జీకి ఏ ఆఫీసూ కదలదు. మొదటిది బుట్టలోకి. రెండోది బీరువా కిందికి. పెడతానే ఉండాల. విసుగొచ్చి అయినా తల పైకెత్తుతాడు ఆఫీసరు."

సమస్య ఏమిటంటే, అర్జీ పెట్టాలంటే ప్రోగ్రాము మళ్లీ చావాలి. పనుందనుకున్నప్పుడు చచ్చే ప్రోగ్రాము, చావు బాబూ అని బతిమాలితే గుండ్రాయిలా కూర్చుంది. కడుపు నొప్పని సెలవు పెట్టినవాడికి ఆ రోజంతా ఆకలి దంచేసినట్టు. చివరికి కిటుకు కనిపెట్టాను. ద్రౌపదమ్మ పెద్ద ఫోటోను పేజీలోకి తెచ్చి, వెంటనే ఆ పూల అంచును లాగితే చాలు, ఠప్పున పడిపోతుంది. ఇక చూడండి. దొరసామన్న పని పక్కన పెట్టి నేను చంపడం, నాయన "పంపు!" అనడం, కంప్యూటర్ ధన్యవాదాలు చెప్పడం. సందులో వెళ్లేవాళ్లు మేమేదో గొప్ప పని చేస్తున్నామని తొంగి చూసి వెళ్లేవారు.

నాయనకు అంతలో అనుమానం వచ్చింది.

"ఇంతకూ మన కష్టం అందులో యాడ రాసుండాది?"

వివరాలు చూడమన్న చోట నొక్కాను. అంకెలు, అక్షరాలు, చీమలబారు.

"తండ్రి పేరు లేదు, ఊరు పేరు లేదు. దీన్ని ఎవుడు సూస్తాడ్రా?"

"కానీ నాయనా, మనం పని చేస్తుండే ఫైల్లోది కూడా కొంచెం పోవచ్చునని ఈడ రాసినారు."

"అట్ల చెప్పు! అయితే ఆ ఫైల్లోనే రాయి."

ఇంతకన్నా న్యాయమైన మాట నాకు ఆ రోజు మరొకటి తోచలేదు. తెలుగు అర్జీని ఆ కంపెనీ ఉండే అమెరికాలో ఎవరు చదువుతారని మీరడుగుతారు. మీకు వచ్చిన ఈ ప్రశ్న నాకెందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. పేజీ నిండా పేర్లే. ఖాళీ లేదు. మంగమ్మవ్వ భర్త గడిలోని పేరును కాసేపటికని తీసేసి, నాయన చెబుతుంటే అక్కడ టైపు చేశాను. పేరుకు పెట్టిన పెద్దక్షరాల్లోనే పడింది. ఎక్కడ పోతుందోనని సేవ్ కూడా చేశాను. జీవితంలో నేను జాగ్రత్తగా సేవ్ చేసిన ఫైలు అదొక్కటే.

అంతలో దొరసామన్న ఊడిపడ్డాడు. "బస్సు పోతాది, బిన్నా ఇయ్యి సామీ! ప్రెస్సోడు కాచుకోనుండాడు!" ప్రింటు తీసి చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు ఇంట్లో మరిచి వచ్చాడు. నా కళ్లకు జోడు అక్కర్లేదు గానీ, అవి అమెరికాలో ఉన్నాయి.

మళ్లీ వచ్చినప్పుడు దొరసామన్న నమస్కారం పెట్టలేదు. కరపత్రాల కట్ట నా బల్ల మీద పడేశాడు.

"ఊరూరా పంచేసినాను. సదువు! గట్టిగా సదువు!"

చదివాను. కడపటి రోజు, దుర్యోధన వధ, అగ్నిగుండం. దాని కింద, పూల అంచు గడిలో, "మహారాజశ్రీ పై అధికారుల సముఖమునకు. అయ్యా, నేను పని చేసుకొనుచుండగా చెప్పాపెట్టకుండా మూసివేయుచున్నారు. బీదవాడను. ఇదివరకు పెక్కు అర్జీలు పెట్టుకొంటిని. దయతలచి విచారించగలరు. ఇట్లు తమ విధేయుడు చెంగల్రాయుడు, చిత్తూరు."

"వాక్యం బాగా కుదిరింది" అన్నాడు నాయన.

"పెద్దాయనవని ఊరుకుంటా ఉండాను!" అని అరిచి, దొరసామన్న ఒక్కసారిగా బెంచీ మీద కూలబడ్డాడు. "భారతం మళ్లీ నిలిచిపోయినట్టే. ఇంగ ఊర్లో తలెత్తుకోలేను." అప్పుడు గానీ నా కళ్లు అమెరికా నుంచి వెనక్కి రాలేదు.

దొరసామన్నతో పాటే బస్సెక్కి మంగమ్మవ్వ ఇంటికి వెళ్లి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. దాచకుండా అంతా చెప్పాను. ప్రోగ్రాము, పెట్టె, రెండు బటన్లు, నాయన సలహా. అవ్వ వక్కాకు నములుతూ విన్నది.

"అయితే సముద్రాలకవతల ఉండేవోళ్లకు మొర పెట్టినావు. పలికినారా?"

"లేదవ్వా."

"నా మొగుని తావులో కూసోని పెట్టినావు."

"తప్పయిపోయిందవ్వా. మళ్లీ అచ్చేయించి, ఊరూరా నేనే తిరిగి పంచుతాను."

"ఆ పని ఎట్లాగూ సేస్తావులే. బతికుండినన్ని నాళ్లూ గుండం మొదట తొక్కేది మా ఆయనే. కాయితంలో ఆయన తావు తీసుకున్నోడివి, నిప్పుల్లో కూడా తీసుకో. కంకణం కట్టుకో. కట్టెలు నేను తోలిస్తా."

"అవ్వ ఒప్పుకునింది!" దొరసామన్న ఎగిరి గంతేశాడు. నా సంగతి ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి నాయనతో మొత్తుకుంటే, "మంచి తీర్పు. దీనిమీద అప్పీలు లేదు" అన్నాడు.

కంకణం కట్టుకున్నాను. ఉపవాసాలున్నాను. భారతం జరిగింది, జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. కడపటి సాయంత్రం పసుపు బట్టలతో గుండం ముందు నిలబెడితే, మైకులో దొరసామన్న గొంతు: "కంప్యూటరాయప్ప వస్తా ఉండాడు, దోవ ఇడవండప్పా!" నిప్పుల్లో నడిచానని చెప్పుకుంటాను గానీ అది అబద్ధం. ప్రింటరు కాయితాన్ని విసిరినట్టు అటువైపు నీళ్ల గుంటలో వచ్చి పడ్డాను. అవ్వ నా నెత్తిన చెంబెడు నీళ్లు పోసి, తీరిగ్గా చూసి అన్నది.

"మా ఆయన నడిచేటోడు. నువ్వు పరిగెత్తినావు. ఇది లెక్కలోకి రాదు. వచ్చే ఏడు నిదానంగా రా."

తర్వాత భాస్కర్ చెబితే తెలిసింది. అలాంటి ఫిర్యాదులను మనుషులు ఒక్కొక్కటిగా చదవరట. ఒకే రకానివన్నీ కుప్పలు వేసి, పెద్ద కుప్పను ముందు చూస్తారట. "నేను చెప్పలే?" అన్నాడు నాయన. మై కంప్యూటర్ మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళితే ఎర్రర్ రిపోర్టింగ్ అని ఉంటుంది. దాన్ని ఆపేస్తే ఆ పెట్టె పంపమని అడగదు. ఇంత సులువైన సంగతి తెలుసుకోవడానికి నాకు అరికాళ్లు బొబ్బలెక్కాలా?

కాబట్టి ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇకమీదట ఏ యంత్రం ఎంత మర్యాదగా చింతించినా, దాని క్షమాపణను మనసులోనే స్వీకరించి ఊరుకుంటాను. ఒకరి పేరున్న చోట నా గోడు రాయను. అచ్చుకిచ్చే ముందు ప్రతి అక్షరం వేలు పెట్టి చదువుతాను. ఇవన్నీ ద్రౌపదమ్మ సాక్షిగా చేస్తున్న ప్రమాణాలు, తప్పను. నిదానంగా నడిచే విషయం మాత్రం అవ్వతో వేరుగా మాట్లాడుకుంటాను.