నాలుగు సూత్ బోల్టు

ఉద్యోగంలో ఆఖరి నాలుగేళ్లు కడప దగ్గర ఒక ఫ్యాక్టరీ గ్యారేజిలో ఫోర్‌మన్‌గా చేశాను. లారీలు, జీపులు కాక అక్కడొక పాత అంబాసిడర్ ఉండేది. ఓనరు గారి తల్లి ఏటా ఒంటిమిట్ట కల్యాణానికి ఆ కారులోనే పోయేది. నేను చేరిన రెండో ఏడు, కల్యాణం ఇంకా వారం ఉందనగా, ముందు చక్రాల సస్పెన్షన్ బోల్టులు అరిగిపోయినట్టు చూశాం.

నా కింద ఫిట్టరు మస్తాన్. నా భార్య పోయాక రోజూ నాతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి అతనొక్కడే. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పేవాళ్లం.

కొనుగోలు చీటీలో నేను ‘నాలుగు సూత్, హైటెన్షన్’ అని రాశాను. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, నాలుగు సూత్ అంటే అరంగుళం. హైటెన్షన్ అని మా వాళ్లు గట్టి ఉక్కు బోల్టును అంటారు. దాని తల మీద 8.8, 10.9 అని అచ్చు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ. వచ్చినవి 10.9. పాతవాటికన్నా మేలు రకమని నాకు మహా సంబరం.

మస్తాన్ ఒకటి రంధ్రంలో దూర్చి వేలితో ఆడించాడు. “సార్, కదల్తాండాది” అన్నాడు.

బిగిస్తే అదే సర్దుకుంటుందిలే, అంకె చూడు అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసు మనిషి చేత అలా మాట్లాడిస్తుంది. అతను బిగించాడు.

ట్రయల్‌కి బద్వేలు రోడ్డులో తనే తీసుకుపోయాడు. మలుపులో బోల్టు జారి చక్రం పక్కకు తిరిగింది, కారు కాలవలోకి దిగింది. మస్తాన్ కుడి మణికట్టు విరిగింది. ఆ ముసలమ్మ అందులో లేకపోవడం ఒక్కటే అదృష్టం.

మేనేజరు రిపోర్టు అడిగాడు. ‘ఫిట్టరు సరిగా బిగించలేదు’ అని రాసిచ్చాను. సిగ్గుమాలిన పని. మర్నాడు బోల్టును కాలిపర్‌తో కొలిచాను. సరిగ్గా పన్నెండు మిల్లీమీటర్లు. అరంగుళమంటే పన్నెండు పాయింట్ ఏడు. మా బజారులో నాలుగు సూత్ అడిగితే పన్నెండుదే చేతిలో పెడతారు, ఇనప చువ్వలకు ఆ లెక్క సరిపోతుంది. అది నాకు తెలియని సంగతేం కాదు.

తప్పు నాదని రెండో రిపోర్టు రాశాను. ఫైల్లో పెట్టుకున్నారు. కానీ మస్తాన్‌ను అప్పటికే స్టోర్సుకు మార్చేశారు, ఆ చేత్తో స్పానరు పట్టలేడని. రిపోర్టు నకలు తీసుకుపోయి అతనికి చూపించాను. నిదానంగా చదివాడు.

“మంచిది సార్. ఆ పొద్దు ఒక్క మాట ఇనింటే సాలు” అన్నాడు.

ఆ తర్వాత అతను స్టోర్సులోనే తినేవాడు. నేను ఆ బల్ల మీద ఒక్కణ్ణే రెండేళ్లు తిన్నాను. శానా కష్టంగా ఉండేది. ఎవరికి చెప్పుకుంటాను?

ఇప్పటికీ పాత కార్లవాళ్లు ఏ బోల్టు వేయాలని ఫోన్ చేస్తుంటారు. ముందు రంధ్రం కొలవండి, సూత్‌లో వద్దు, మిల్లీమీటర్లలో కొలవండి అంటాను. పాతదాని తల మీద ఏ అంకె ఉందో దానికి తగ్గకుండా కొనమంటాను. ఆఖర్న, బిగించే మనిషి ‘బోల్టు కదులుతోంది’ అంటే పని ఆపమంటాను. మూడోది నేర్చుకోవడానికి నాకు మస్తాన్ చెయ్యి ఖర్చయింది.